ఎవరి పెళ్లి అని అడిగిన అవ్వ

డోళ్ల చప్పుడు విని, సంతలో చింతపండు అమ్ముకుంటున్న ఒక అవ్వ తట్ట మీద గోనెపట్టా కప్పి రోడ్డు మీదికి వచ్చింది. "ఎవరి పెళ్లి?" అని మమ్మల్ని అడిగింది. పెళ్లి కాదవ్వా, శాంతి ర్యాలీ అన్నాం. ఆమె కొమ్ముల వాళ్లను కాసేపు చూసింది, వెనక వస్తున్న బ్యానరును చూసింది. "పెళ్లి దెబ్బ కొడుతున్నారు మరి" అని మళ్లీ తట్ట దగ్గరికి వెళ్లిపోయింది.

శబరి ఒడ్డున ఉన్న మా మండల కేంద్రంలో చలి తగ్గే రోజుల్లో జరిగిన ర్యాలీ అది. మర్నాడు జిల్లా పేజీల్లో వార్త వచ్చింది. ఆదివాసీలు సంప్రదాయ నృత్యాలతో ఆకట్టుకున్నారని రాశారు. మావాళ్లు ఎక్కడ ఆడినా వార్తలో ఉండే మాట అదొక్కటే. మంత్రి వచ్చినప్పుడు ఆకట్టుకుంటారు, ఆగస్టు 9న ఆకట్టుకుంటారు, కొత్త కలెక్టరు వచ్చినప్పుడు ఆకట్టుకుంటారు. ఎవరిని, ఏం చెప్పి ఆకట్టుకున్నారో రాసినవాళ్లు లేరు. సినిమా వస్తే పాటలు బాగున్నాయా, రెండో సగం సాగిందా అని సమీక్ష రాస్తారు. నాటకానికి రాస్తారు, కథల పుస్తకానికి రాస్తారు. కోయోళ్ల ఆటకు మాత్రం ఫోటో ఉంటుంది, సమీక్ష ఉండదు. అందుకే ఆ రోజు ఆటను ఆటగానే చూసి, ఎక్కడ నిలబడింది, ఎక్కడ పడిపోయింది అనేది రాయాలనుకున్నాం. మేము బయటివాళ్లం కాదు. ఆడినవాళ్లలో మా అక్కలున్నారు, మా బడి పిల్లలున్నారు. జరిగిన తప్పుల్లో ఒకదాంట్లో మా చెయ్యి కూడా ఉంది. అది వచ్చినచోట చెప్తాం.

ముందు శాంతి అనే మాట గురించి చెప్పాలి. మా వైపు ఆ మాట ఊరికే పలికేది కాదు. మా ఊళ్ల నుంచి ఉత్తరానికి పోతే కుంట, ఇంకా పైకి సుక్మా. 2005 జూన్‌లో బస్తర్‌లో మొదలైన సాల్వా జుడుంను పత్రికలు శాంతి యాత్ర అని తెలుగు చేశాయి. జుడుం అంటే నలుగురూ కలిసి పోయే వేట అని భాష తెలిసినవాళ్లకు తెలుసు. ఆ యాత్ర నడిచిన దారిలో ఊళ్లు తగలబడ్డాయి. జనం కొందరు రోడ్ల పక్క శిబిరాల్లోకి, కొందరు అడవి లోపలికి, కొందరు శబరి, గోదావరి వైపుకు మా దగ్గరికి వచ్చారు. స్పెషల్ పోలీసు ఆఫీసర్లని పేరు పెట్టి ఆదివాసీ యువకులకు తుపాకులిచ్చారు. వాళ్లకు కోయ కమాండోలనే పేరు కూడా వచ్చింది. 2011 జూలై 5న సుప్రీంకోర్టు ఆ ఏర్పాటు రాజ్యాంగానికి విరుద్ధమని తీర్పు చెప్పింది. ఆ తీర్పులో మా జాతి పేరు ఉంది. మా పాటలు, మా ఆటలు ఏవీ ఎక్కని కాగితం మీదికి మా పేరు అలా ఎక్కింది.

తర్వాత శాంతి అనే మాటను మళ్లీ శుభ్రం చేసే ప్రయత్నాలు జరిగాయి. 2018 అక్టోబరు 2న మా వైపునున్న చట్టి నుంచే జగదల్‌పూర్‌కు శాంతి పాదయాత్ర బయలుదేరింది. ఇటు నుంచి అటు నడిచినవాళ్లలో ఆ ఊళ్లను విడిచి వచ్చినవాళ్లూ ఉన్నారు. 2025 ఏప్రిల్, మే నెలల్లో తెలంగాణ సరిహద్దు కర్రెగుట్టల మీద 21 రోజులు ఆపరేషన్ జరిగింది, 31 మంది చనిపోయారని ప్రభుత్వమే ప్రకటించింది. చర్చలు జరపండి, చంపుకోవడం ఆపండి అని ఆ రోజుల్లో పట్నాల్లో సభలు జరిగాయి. పట్నంలో ఆ మాట అనడం ఒక ఎత్తు. రెండు వైపులా చుట్టాలున్న మండల కేంద్రంలో మైకు పట్టుకుని అనడం ఇంకో ఎత్తు. ఈ ర్యాలీ పెట్టినవాళ్లు ఆ పని చేశారు. తుపాకీ ఎవరిదైనా పోయినవాడు మావాడే అని పోలీసుల ముందే అన్నారు. అది చిన్న ధైర్యం కాదు. కింద మేము రాసేదంతా ఈ మాట మరవకుండా చదవాలి. శాంతి అంటే తుపాకులు ఆగడమేనా, పోలవరం ముంపు ఊళ్ల సంగతేమిటి అని అడిగినవాళ్లు కూడా ఉన్నారు. న్యాయమైన ప్రశ్నే, కానీ అది వేరే వ్యాసం.

ఇక ఆట. తెలియనివారి కోసం నాలుగు మాటలు. కొమ్ము ఆటలో మగవాళ్లు అడవిదున్న కొమ్ములు, నెమలి ఈకలు కట్టిన తలకట్టు పెట్టుకుని, మెడలో పెద్ద డోలు వేసుకుంటారు. ఆడవాళ్లు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని రేల అందుకుంటారు. కొమ్ములు ఇప్పుడు కొత్తగా తెచ్చేవి కావు. 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక దున్న జోలికి పోయేది లేదు. తాతల నాటివి గుడ్డలో చుట్టి అటక మీద దాచుకున్నవే ఉన్నాయి. లేనివాళ్లు కర్రతో చేయించుకుంటున్నారు. ఆట సాగేకొద్దీ కొమ్ములవాళ్లు ఇద్దరిద్దరు తలలు వంచి ఒకరి మీదికి ఒకరు వస్తారు, దున్నలు పొడుచుకోవడానికి వచ్చినట్టే. ముందు వరసలో కూర్చున్న పిల్లలు భయపడి లేస్తారు. కొమ్ముకు కొమ్ము తాకీ తాకకముందే ఇద్దరూ ఆగి, డోలు మీద గట్టిగా ఒక దెబ్బ వేసి వెనక్కి అడుగేస్తారు. ఎంత జోరుగా రావాలో పెద్దలు నేర్పుతారు. అంతకంటే ఎక్కువగా ఎక్కడ ఆగాలో నేర్పుతారు. మా గూడెంలో ఆగడం తెలియక తాతల కొమ్ము పగలగొట్టుకున్న ఒకాయన్ని ముసలివాడయ్యేదాకా ఆ పేరుతోనే పిలిచారు.

ర్యాలీకి ముందు రోజు సాయంత్రం రిహార్సల్ జరిగింది. అప్పుడే ఒక మాట వచ్చింది. శాంతి ర్యాలీలో పొడుచుకోవడం చూపిస్తే బాగుండదు, కొమ్ములవాళ్లు తల ఊపుతూ నడిస్తే చాలు అని. అన్నది ఆదివాసీ కుర్రవాడే. చదువుకున్నవాడు, మంచివాడు, ఈ ర్యాలీ కోసం నెలరోజులు ఊళ్లు తిరిగినవాడు. డోలు పెద్దాయన ఏమీ అనలేదు. మర్నాడు ఆరుగురు కొమ్ములవాళ్లు బ్యానరుకు రెండు పక్కలా మూడు మూడు నిలబడి, తలలు కుడికీ ఎడమకూ ఊపుతూ నడిచారు. ఊరేగింపులో గంగిరెద్దులు నడిచినట్టు నడిచారు. ఈ మాట రాయడానికి మాకు కష్టంగానే ఉంది. అందులో ఒకాయన మాకు వరసకు మామ.

మా పెద్ద విమర్శ ఇక్కడే. కొమ్ము ఆటలో శాంతి ఉన్నది పోట్లాట లేకపోవడంలో కాదు. జోరుగా మీదికి వచ్చి, గాయం కాకముందు ఆగి, ఇద్దరూ నిలువుగానే వెనక్కి వెళ్లడంలో ఉంది. చర్చలు జరగాలని అడిగేవాళ్లకు ఇంతకంటే మంచి బొమ్మ ఏ కళాకారుడూ గీసివ్వలేడు. అది మా అటకల మీదే ఉంది. దాన్ని కింద పెట్టి, తెల్ల పావురం బొమ్మను బ్యానరు మీద అచ్చు వేయించారు. పావురం మా పాటలో ఎక్కడుందో మేము ఇంకా వెతుకుతున్నాం. పొడుచుకోవడం తీసేశాక ఆగడం ఎలా కనిపిస్తుంది? అందుకే అవ్వకు అది పెళ్లిలాగే వినపడింది. పెళ్లికొడుకును తీసుకొచ్చేటప్పుడు వేసే నడక దెబ్బ అది. నడవమన్నారు కాబట్టి డోళ్లవాళ్లు నడిచే దెబ్బ వేశారు. వాళ్ల తప్పేమీ లేదు.

చావు దెబ్బ వేరే ఉంటుంది. కోయల్లో డోలీల వాళ్లున్నారు. వంశాల కథలు, ఇంటిపేర్ల పుట్టుక, చనిపోయినవారి పాట వాళ్ల నోట్లోనే ఉంటాయి. సమ్మక్క సారలమ్మల కథను కోయ భాషలో పాడే సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చాక డోలీ అనే మాట పత్రికలకు తెలిసింది. రెండేళ్లకు ఆయన పోయారు. ఈ ర్యాలీ చనిపోయినవారి గురించి జరిగిన ర్యాలీ. రెండు వైపులా పోయిన మావాళ్ల పేర్లు ఒక అట్ట మీద రాసి పట్టుకున్నారు కూడా. డోలీ వాళ్లను మాత్రం ఒక్కరినీ పిలవలేదు. ముందు డోలీ పాట పాడించి, ఆ తర్వాత కొమ్ములు ఎత్తి ఉంటే సంతలో ఉన్న అవ్వ "ఎవరు పోయారు?" అని అడిగేది. చెప్పడానికి మా దగ్గర జవాబుండేది.

ఆడవాళ్ల ఆట గురించి ఇంకా చెప్పాలి. రోడ్డు మీద రేల ఆడటం మాకు కొత్త కాదు. విత్తనాలు వేసే ముందు వచ్చే భూమి పండుంలో మగవాళ్లు వేటకు పోతే ఆడవాళ్లు రోడ్డెక్కుతారు. వెదురు బొంగో దుంగో అడ్డం పెట్టి, దాని ముందు చేతులు కట్టి ఆడతారు. బస్సయినా, ఇసుక లారీ అయినా, ఆఫీసరు జీపయినా ఆగాలి, పండుం డబ్బులు ఇచ్చి కదలాలి. ఏడాదంతా ఆ రోడ్డు మీద మా ఆడవాళ్లు పక్కకు జరిగి నడుస్తారు, హారన్ కొడితే మట్టిలోకి దిగుతారు. ఆ కొన్ని రోజులు మాత్రం రోడ్డు వాళ్ల మాట వింటుంది. వేటకు పోయి ఉత్త చేతులతో వచ్చిన మగవాళ్ల మీద పేడనీళ్లు పడేది కూడా ఆ రోజుల్లోనే. ఇంట్లో గట్టిగా మాట్లాడని కోడలు కూడా ఆ రోజు పాటలో మామను ఏమైనా అనొచ్చు.

అలాంటి ఆటను ర్యాలీలో ఏం చేశారు? రోడ్డుకు ఎడమ పక్కన తాడు కట్టి, తాడు లోపల నడవమన్నారు. ముప్పై మంది ఆడవాళ్లు చెయ్యి చెయ్యి పట్టుకుని అడ్డంగా ఆడితే పదిహేను అడుగుల్లో పట్టరు కదా. ఇద్దరిద్దరుగా విడగొట్టారు. వలయంలో ఆడే ఆటకు ముందూ వెనకా ఉండదు, మొదటి మనిషీ చివరి మనిషీ ఉండరు. ఇద్దరిద్దరుగా విడగొట్టగానే మొదటి జంట ఒకటి పుట్టింది. దానికి కెమెరా ముఖాలు ఏరారు. వయసు మళ్లినవాళ్లు వెనక్కి పోయారు. పాట తెలిసినవాళ్లు వాళ్లే. ముందున్న పిల్లలకు వెనక నుంచి పాట అందడం లేదు. మధ్యలో ఆటోకు కట్టిన మైకు. బజారు మొదట్లో మొదలైన ఆట బస్టాండు చేరేలోపే ఉత్త నడకైపోయింది. పిల్లలు పెదవులు కదుపుతున్నారు, అంతే.

పాట సంగతి కూడా చెప్పాలి. తెలుగులో ఒక శాంతి పాట రాసి, రేల బాణీ కట్టి, కాగితాలు పంచారు. రాసినవారి మనసు మంచిదే. పాటలో శాంతి ఉంది, ప్రగతి ఉంది, వెలుగు ఉంది, అభివృద్ధి ఉంది. ఒక్క మనిషి లేడు, ఒక్క ఊరు లేదు. రేల అట్లా పుట్టదు. ఒకామె అందుకుంటుంది, మిగతావాళ్లు తిప్పుతారు, ఆ తిప్పే వ్యవధిలో అందుకున్నామె తర్వాతి మాట ఆలోచించుకుంటుంది. రేల రేల అనే పల్లవి అందం కోసం పెట్టిన అలంకారం కాదు, ఆలోచించుకోవడానికి దొరికే సమయం. ఆ సమయంలోనే ఫారెస్టు గార్డు మీద, సావుకారు తూకం మీద, బడికి రాని పంతులు మీద (మేము కూడా విన్నాం, నవ్వుకోవాల్సి వచ్చింది) చురకలు పుడతాయి. కాగితం మీద రాసిన పాటకు ఆలోచించుకునే పని లేదు. కాబట్టి పల్లవికీ పని లేదు. బాణీ మిగిలింది, రేల పోయింది.

ఈ పని ఈ నిర్వాహకులే మొదట చేయలేదు. విప్లవ గీతాల వాళ్లు రేలను తీసుకున్నారు. అడవి లోపలి సాంస్కృతిక దళాలు దానికి తమ మాటలు పెట్టుకున్నాయి. ప్రభుత్వం వైపు నుంచి పల్స్ పోలియోకూ, అక్షరాస్యతకూ, లొంగిపొమ్మని చెప్పడానికీ అదే బాణీలో పాటలు వచ్చాయి. టీవీ వాళ్లు దాని పేరుతోనే జానపద పాటల పోటీ పెట్టారు. అందరికీ మా బాణీ నచ్చింది. అందుకున్నామె తర్వాతి మాట ఏమంటుందో వినే ఓపిక మాత్రం వీళ్లలో ఎవరికీ లేకపోయింది. శాంతి కోరేవాళ్లయినా ఆ ఓపిక చూపిస్తారనుకున్నాం.

మూడు రోడ్ల జంక్షన్ దగ్గర మాత్రం ర్యాలీ అనుకోకుండా ఆగింది. ఎదురుగా గ్రానైట్ లారీ అడ్డం తిరిగి నిలిచిపోయింది. డ్రైవరు వెనక్కి తీయలేకపోతున్నాడు. ముందున్న బ్యానరు ఆగింది, వెనక జనం వచ్చి కూడారు. తాడు పట్టుకున్నవాళ్లు లారీ దగ్గరికి పరుగెత్తారు. తాడు లేకపోయేసరికి ఆడవాళ్లు ఎవరూ చెప్పకుండానే చేతులు కట్టారు. మూడు రోడ్లూ కలిసేచోట వలయం పడింది. డోలు పెద్దాయన మధ్యలోకి వచ్చాడు. దెబ్బ మారింది. మేము సంతలోని అవ్వ కోసం చూశాం, ఆమె అంత దూరం రాలేదు. కొమ్ములవాళ్లలో మా మామ, ఇంకో కుర్రవాడు ఒకరినొకరు చూసుకుని తలలు వంచారు. ముందు రోజు చెప్పిన మాట గుర్తుందో లేదో. జోరుగా వచ్చి, ఆగి, దెబ్బ వేసి వెనక్కి వెళ్లారు. జనం ఒక్కసారి ఊపిరి బిగబట్టి వదిలిన చప్పుడు వినిపించింది. లారీ డ్రైవరు కిందికి దిగి చూస్తూ నిలబడ్డాడు.

ఒక పెద్దమ్మ పాట అందుకుంది. కాగితం పాట కాదు. ఆ పాటను ఇక్కడ కోయలో రాస్తే చదివేవాళ్లు తక్కువ, తెలుగులో రాస్తే ఆమె పాట కాదు. విషయం మాత్రం చెప్తాం. రాత్రి తలుపు తడితే మొదట దీపం ఆర్పాలా, వెలిగించాలా అని అడిగింది. తిప్పారు. వచ్చినవాడు అన్నం అడిగితే పెట్టాం, మర్నాడు ఇంకొకడు వచ్చి ఎందుకు పెట్టావని అడిగాడు అంది. తిప్పారు. ఇద్దరి కంచాలూ కడిగింది నేనే, ఇద్దరి ముఖాలూ మా అక్క కొడుకు ముఖంలాగే ఉన్నాయి అంది. ఈసారి తిప్పడానికి కొంచెం ఆలస్యమైంది. ర్యాలీ మొత్తంలో శాంతి గురించి మేము విన్న మాట ఇదే. దీని ముందు మైకులోంచి వచ్చినవన్నీ ఉపోద్ఘాతం.

జంక్షన్ పక్కన మర్రిచెట్టు కింద అడవి లోపలి గుంపుల నుంచి వచ్చిన ఆడవాళ్లు ఏడెనిమిది మంది నిలబడి ఉన్నారు. కుంట వైపు నుంచి వచ్చి మా అడవుల్లో గుడిసెలు వేసుకున్నవాళ్లు. మావాళ్లు కూడా వాళ్లను గుత్తికోయలంటారు. ఆ పేరు వాళ్లు పెట్టుకున్నది కాదు. ఇరవై ఏళ్లయినా ఇక్కడ వాళ్లకు ఎస్టీ సర్టిఫికెట్ దొరకడం కష్టం, పోడు పట్టా మాట ఎత్తేదే లేదు, అటవీ శాఖ వాళ్లు గుడిసెలు పీకిన వార్తలు ప్రతి ఏడాదీ చదువుతాం. శాంతి లేకపోతే ఏమవుతుందో ఒంటి మీద అనుభవించింది వాళ్లు. ర్యాలీకి పిలిచారా అంటే పిలిచారు, జనం లెక్కకు. ఆటలో మాత్రం లేరు. వాళ్ల అడుగు కొంచెం వేరు, పాట యాస వేరు. కానీ రేల వలయానికి అది అడ్డం కాదు. ఎవరైనా వచ్చి రెండు చేతుల మధ్య నిలబడితే ఆ రెండు చేతులూ విడిపోయి కొత్త మనిషికి చోటిస్తాయి. అడగనక్కర లేదు, పేరు చెప్పనక్కర లేదు. పెద్దమ్మ పాట వినగానే ఆ ఆడవాళ్లలో ఇద్దరు వచ్చి అట్లాగే నిలబడ్డారు. చేతులు విడిపోయాయి, కలిశాయి. మూడో ఆమె చంటిబిడ్డను పక్కామెకిచ్చి వస్తుంటే బ్యాడ్జీ పెట్టుకున్న వాలంటీరు ఒకడు చెయ్యి అడ్డం పెట్టాడు. "చీర వేరేగా ఉందక్కా, వీడియో తీస్తున్నారు" అన్నాడు.

చీరల సంగతి ఇది. ఆడే ముప్పై మందికీ ఒకే రంగు చీరలు కొన్నారు, ఆకుపచ్చ, ఎర్ర అంచు. చందాల డబ్బుతోనే కొన్నారు, వాళ్లకే ఇచ్చేశారు. మంచిదే. ఇంత మంచి చీర కట్టుకున్న ఆనందం మా అక్కల ముఖాల్లో కనిపించింది. కానీ ఒకే రంగు చీర వచ్చిన క్షణం నుంచి వలయానికి గేటు పడింది. చీర లేని మనిషి చూసే మనిషి అయిపోయింది. పెళ్లిళ్లలో, పండుంలో పక్క ఊరి ఆడవాళ్లు తలో రంగుతో వచ్చి కలుస్తారు. ఒకే రంగు మా ఆటకు వచ్చింది స్టేజీల నుంచి. స్టేజీలకు అలవాటు చేసింది ఎవరు? మేమే. ఆశ్రమ పాఠశాలల్లో వార్షికోత్సవానికి పిల్లలకు ఒకే రంగు బట్టలు వేసి, ఎత్తు ప్రకారం నిలబెట్టి, ప్రేక్షకుల వైపు తిరగండి అని చెప్పింది మేము. వలయంలో ఆడితే సగం మంది వీపులు కనబడతాయి, సార్లకు బాగుండదు అని రెండు వరసలు చేసింది మేము. ఒకటి, రెండు అని లెక్కపెట్టి అడుగులు నేర్పాం. టీటీసీలో మాకు అదే నేర్పారు. పాఠం చెప్పేవాడు ముందు ఉండాలి, పిల్లలు వరసలో ఉండాలి. ఆ వాలంటీరు మా బడిలో చదివినవాడే.

ఇంకా ఉంది. జంక్షన్ దగ్గర ఆట పావుగంట సాగి ఉంటుంది. లారీ వెనక్కి వెళ్లింది, దారి తెరుచుకుంది, అయినా వలయం విడలేదు. మూడు వైపులా బస్సులు, ఆటోలు ఆగాయి. ఎవరూ హారన్ కొట్టలేదు. భూమి పండుం అలవాటేమో. పోలీసులు కూడా చెట్టు నీడకు జరిగి నిలబడ్డారు. అప్పుడు విజిల్ పడింది. సభ టైమైంది, అతిథులు వచ్చేశారు, కదలండి అని. వలయం విడిపోయింది. పెద్దమ్మ పాట మధ్యలో ఆగిపోయింది. విజిల్ వేసింది నిర్వాహకులు కాదు. పిల్లలను క్రమశిక్షణలో ఉంచమని ముందే మాకు అప్పగించారు. ఆ విజిల్ మా మెడలోనిది.

సభ గురించి రాయడానికి పెద్దగా లేదు. షామియానా కింద కుర్చీలు అతిథులకు, విలేఖరులకు. ఆడినవాళ్లు షామియానా వెనక ఎండలో నేల మీద. మాట్లాడినవాళ్లలో ఇద్దరు చాలా బాగా మాట్లాడారు. ఒకరు సాల్వా జుడుం రోజులను గుర్తు చేసి, శాంతి పేరుతో మళ్లీ ఎవరైనా తుపాకీ ఇస్తే తీసుకోవద్దని యువకులకు చెప్పారు. ఆడవాళ్ల వైపు నుంచి ఎవరినీ మైకు దగ్గరికి పిలవలేదు. వినతిపత్రం తెలుగులో చదివారు. జంక్షన్‌లో పాడిన పెద్దమ్మ ఆ సమయంలో నీళ్ల ట్యాంకరు దగ్గర క్యూలో ఉంది.

తర్వాత ఈ మాటలన్నీ నిర్వాహకులతో కూర్చుని మాట్లాడాం. వాళ్లు కోప్పడలేదు. వాళ్లు అడిగింది ఒక్కటే. "సార్, ఆట లేకుండా ర్యాలీ పెడితే ఎవరొస్తారు? టీవీ వాళ్లు వస్తారా? పొడుచుకోవడం చూపిస్తే ఆదివాసీలు ఇంకా కొట్టుకుంటున్నారని రాయరా?" మూడో ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు. నిజంగానే అట్లా రాస్తారు. అయినా రాసేవాళ్ల భయంతో ఆటను కోసుకుంటూ పోతే చివరికి వాళ్లకు నచ్చే ఆటే మిగులుతుంది. మొదటి ప్రశ్నకు మాత్రం ఆదిలాబాద్ వైపు చూడమన్నాం. దీపావళి ముందు గోండుల దండారిలో గుస్సాడీలు వేసుకుని ఒక ఊరివాళ్లు ఇంకో ఊరికి అతిథులుగా పోతారు. ఆ ఊరు కాళ్లకు నీళ్లిచ్చి, అన్నం పెట్టి, రాత్రంతా కలిసి ఆడుతుంది. ఈ ఊరు ఆ అన్నానికి బాకీ పడుతుంది, అది తీర్చుకోవడానికి వాళ్లను పిలవాలి. మార్లవాయి కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ ఇచ్చినప్పుడు అందరూ నెమలి ఈకల టోపీ గురించే రాశారు, ఈ బాకీ గురించి రాసినవాళ్లు తక్కువ. చుట్టరికాలు కలిసేది, పాత తగువులు తెగేది ఆ రాకపోకల్లోనే. మా ర్యాలీ మండల కేంద్రానికి ఎందుకు రావాలి? కొమ్ములు, డోళ్లు పట్టుకుని అడవి లోపలి గుంపులకు అతిథులుగా పోతే? వాళ్ల గుడిసెల ముందు వాళ్ల అడుగు మనం నేర్చుకుని ఆడితే? టీవీ వాళ్లు రారు, నిజమే. ఫారెస్టు వాళ్లు మాత్రం తప్పకుండా వస్తారు. రానివ్వండి, వాళ్లకూ ఒక డోలు ఇద్దాం. ఆ మాటకు అందరూ నవ్వారు, కానీ ఎవరూ కాదనలేదు. ఎప్పుడు పోదాం అనే దగ్గర మాట ఆగింది.

చీరల గురించి మేము ఏమీ అనలేదు. ఇచ్చిన చీర గురించి మాట్లాడటానికి నోరు రాలేదు. ఇక్కడ రాస్తున్నాం కాబట్టి వాళ్లకు తెలుస్తుంది.

రెండు నెలలకు భూమి పండుం వచ్చింది. అదే జంక్షన్ దగ్గర వెదురు బొంగు అడ్డం పడింది. మేము బండి మీద పోతుంటే ఆపారు. తలో రంగు చీర, కొందరు ఆకుపచ్చ కూడా. ముందు నిలబడి పాట అందుకున్నది ఆ పెద్దమ్మే. జేబులోంచి ఇరవై తీశాం. విజిల్ పంతులుకు ఇరవై సరిపోదు, యాభై పడాలి అని పాటలో చేర్చింది. అందరూ తిప్పారు. వెనక ఆగిన ఆర్టీసీ బస్సు కిటికీల్లోంచి కూడా నవ్వారు. యాభై ఇచ్చి, బొంగు ఎత్తేదాకా నిలబడ్డాం. తొందరగా ఎత్తలేదు.